మడతకి వదిలిన గది

టైలరమ్మ కుట్టుమిషను ఆ ఇంటికి వచ్చిన రోజునుంచీ నడవలోనే ఉంది. ముందుగదికీ వంటింటికీ మధ్య, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సినంత సన్నటి నడవ అది. వెలుతురు కావాలంటే పట్టపగలే లైటు వేసుకోవాలి. గాలి కావాలంటే ఎవరైనా విసురుగా నడిచి వెళ్లాలి. విసురుగా నడిచేవాళ్లకి మాత్రం ఆ ఇంట్లో కొదవలేదు. మంచినీళ్లకి వెళ్లే భర్త, టీ కోసం వెళ్లే మరిది, వంటింట్లో ఏం జరుగుతోందో చూద్దామని వెళ్లి, ఏమీ జరగడం లేదని తిరిగొచ్చే అత్తగారు, అందరూ ఆమె మోచేతిని రాసుకునే వెళ్లేవాళ్లు. "కాస్త కాలు తీయి" అనేవాళ్లు. ఆమె కాలు తీసేది. మిషను ఆగేది. వాళ్లు దాటాక మళ్లీ మొదలు. ఊళ్లో సగంమంది జాకెట్లు ఇలా ఆగి ఆగి కుట్టినవే. తొడుక్కున్నవాళ్లకి తెలీదు గానీ, ఏ చంక దగ్గర ఎవరు మంచినీళ్లకి వెళ్లారో కుట్టిన మనిషికి ఇప్పటికీ గుర్తు.

ఆమె పనిలో ఒక గుణం ఉంది. ఏది కుట్టినా లోపల మడతకి నాలుగు వేళ్లు గుడ్డ వదిలేది. మనిషన్నాక ఒళ్లు చేస్తుంది, రేపు కుట్టు విప్పుకుంటే వదులవుతుంది కదా అని ఆమె లెక్క. "ఒళ్లు చెప్పి పెరుగుతుందా?" అనేది. మంచి అలవాటే. కానీ అది గుడ్డ దగ్గర ఆగలేదు. కూర వండితే రాని చుట్టానికి కూడా వండేది. మంచం మీద పడుకుంటే అంచున పడుకునేది. ఫొటోలో నిలబడితే సగం మనిషి బయటే ఉండేది. ఎవరైనా వస్తారేమో, కూర్చుంటారేమో అని పక్కన చోటు వదలడం ఆమెకి పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇలాంటివాళ్లని లోకం మంచివాళ్లు అంటుంది. అని ఊరుకుంటే బాగానే ఉండును. వచ్చి ఆ వదిలిన చోట్లో కాళ్లు చాపుకుని కూర్చుంటుంది.

ఆమె భర్త సిటీబస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. రిటైరైంది ఉద్యోగం మాత్రమే, ఆయన కాదు. లోకంలో నిండిపోయిన వస్తువంటూ ఏదీ ఉండదని ఆయన గట్టి నమ్మకం. బీరువా తలుపు పట్టకపోతే "లోపల ఖాళీ ఉందే, సరిగ్గా జరపలేదు నువ్వు" అనేవాడు. నలుగురు కూర్చునే చోట ఎనిమిదిమందిని కూర్చోబెట్టి, తొమ్మిదోవాడి కోసం వీధిలోకి చూసేవాడు. చోటు వదిలే భార్య, చోటు నింపే భర్త. ఇంతకన్నా ఈడైన జోడు ఎక్కడ దొరుకుతుంది?

ఒకరోజు అత్తగారు రాసుకుపోయిన ఊపుకి మిషను సూది టైలరమ్మ వేలి గోట్లో దిగింది. అత్తగారు వెనక్కి తిరిగి చూసి, "చూసుకుని కుట్టుకోవద్దూ?" అని మందలించి వెళ్లింది. టైలరమ్మ ఆ వేలికి గుడ్డ చుట్టుకుని, చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. తన కళ్లకి ఈ మధ్య దారం సూది బెజ్జంలోకి తొందరగా దూరడం లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే చీకట్లో, తోపులాటలో కుడితే, చేతిలో ఉన్న ఒక్క పనీ పోతుంది. ఆ సాయంత్రం అందరూ టీ తాగుతుండగా, గ్లాసులోకి చూస్తూ చెప్పేసింది.

"మేడ మీద నాకో గది వేయించుకుంటాను. చెక్కతో. కిటికీ ఉండాలి. నా సంపాదనతోనే వేయించుకుంటా."

అత్తగారు గ్లాసు కింద పెట్టింది. మరిది పాతరేడియోలు బాగుచేస్తుంటాడు, చేతిలో విప్పిన రేడియోని వింటున్నట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు. కండక్టరు మాత్రం వెంటనే, "వేయించుకోవే, ఇంట్లో ఖాళీ పెరుగుతుందంటే ఎవరికి చేదు?" అన్నాడు. ఆ మాటలోనే ప్రమాదం ఉంది. ఆమె సంతోషంలో ఉండి గమనించలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు గది కట్టి చూడమని ఎందుకు అనలేదో తెలీదు. బహుశా గది కట్టినవాళ్లెవరూ చెప్పే ఓపికతో మిగిలి ఉండరు. మొదట ఒక కాంట్రాక్టరు వచ్చాడు. నల్లకళ్లద్దాలు తియ్యకుండానే ఇల్లంతా తిరిగి, ఫోనులో ఇంకెవరినో తిడుతూ మేడెక్కి, ఫోనులో ఇంకెవరినో బతిమాలుతూ దిగి, "మొత్తం పడగొట్టేద్దాం మేడం" అన్నాడు. "ముందు నీ ఇల్లు పడగొట్టుకుని రా నాయనా, ఎలా ఉంటుందో చూసి మేమూ పడగొట్టుకుంటాం" అని అత్తగారు అతన్ని సాగనంపింది. ఆవిడకి కోడలి గది ఇష్టమై కాదు, ఇంటి మీద మాట పడటం ఇష్టం లేక.

తర్వాత వచ్చిన ఆయన్ని ఊళ్లో 'చూద్దాం మేస్త్రీ' అంటారు. ఏదడిగినా "చూద్దాం" అంటాడు. తప్పించుకోడానికి అనే చూద్దాం కాదది, నిజంగానే చూస్తాడు. మేడెక్కి పిట్టగోడ మీద కూర్చుని, తెచ్చిచ్చిన టీ చల్లారేదాకా ఆ ఖాళీ జాగాని చూశాడు. తర్వాత టీని చూశాడు. తాగాడు.

"ఎన్నాళ్లు పడుతుందండీ?" అంది టైలరమ్మ.

"చూద్దామమ్మా."

"మీరు కట్టింది ఏదైనా ఒకటి చూపిస్తారా?"

దీనికి మాత్రం ఆయన చూద్దాం అనకుండా లేచి చెప్పులు వేసుకున్నాడు. వెనక వీధిలో ఒక గోదాములో తను వేసిన చెక్క అటకని చూపించాడు. కండక్టరు కింద నిలబడి, "బలే ఉందోయ్, ఎన్ని బస్తాలు పడతాయి?" అని అడుగుతుంటే, టైలరమ్మ నిచ్చెనెక్కి అటక వెనక్కి తల దూర్చింది. జాకెట్టు కొనేవాళ్లు బయటవైపు చూస్తారు, కుట్టేవాళ్లు తిరగేసి లోపలివైపు చూస్తారు. ఎవరి కన్నూ పడని ఆ వెనకవైపు కూడా దూలాలు నున్నగా చిత్రిక పట్టి ఉన్నాయి. ఒకదాన్లో ఒకటి దూరిన అతుకుల దగ్గర గోరు పెట్టి చూసింది, గోరు దిగలేదు. తుమ్ముకుంటూ కిందికి దిగి, "ఈయనకే ఇద్దాం" అంది. "నన్ను అడగవా?" అన్నాడు కండక్టరు. "ఇచ్చాక అడుగుతా" అంది. ఆ రోజు ఆమెకి ధైర్యం అలా ఉంది.

ఇక కొలతలు. పుట్టినప్పటినుంచీ కొలతలు తీసే మనిషికి కొలత ఒక లెక్కా? మెడలో వేలాడే గుడ్డటేపు తీసి, మేడమీద మిషనుకి ఇంత, బల్లకి ఇంత, ఇస్త్రీకి ఇంత అని కొలిచింది. కొలిచిన ప్రతిదానికీ అలవాటు కొద్దీ మడతకి నాలుగు వేళ్లు వదిలింది. తను వదిలినట్టు తనకే తెలీదు, చెయ్యి చేసేసింది. ఆరోజు పెళ్లివారి బట్టలు ఇవ్వాల్సి ఉండి, కొలతలు మేస్త్రీకి చెప్పి రమ్మని భర్తని పంపింది.

బస్సుని నమ్ముకున్న మనిషిని కొలతలు చెప్పి రమ్మనడం పాలకి పిల్లిని కాపలా పెట్టడమే. దారిలో ఆయన ఆలోచించాడు. గదన్నాక ఎవరో ఒకరు వస్తారు. కూర్చుంటారు. కొందరు నిలబడతారు. పోనీ అని ఈ పక్క కాస్తా ఆ పక్క కాస్తా కలిపి, నిండు అడుగుల లెక్కకి తెచ్చి చెప్పాడు. మేస్త్రీ విన్నాడు. చెక్క చిత్రికలో అరుగుతుంది, ఎండకి కుంచించుకుపోతుంది, అందుకని పని తెలిసిన ఏ వడ్రంగైనా కొంచెం ఎక్కువే పెట్టుకుంటాడు. ఆయనా పెట్టుకున్నాడు. ముగ్గురూ ఎవరి మంచికి వాళ్లు వదిలారు. ఒకరు వదిలినట్టు ఇంకొకరికి తెలీదు.

చూద్దాం మేస్త్రీకి ఒక పద్ధతి ఉంది. ఎంత పైన నిలబెట్టాల్సిందైనా ముందు నేలమీద మొత్తం నిలబెడతాడు. స్తంభాలు, దూలాలు, వాసాలు అన్నీ బెజ్జాల్లో బిగించి, గుర్తులు గీసి, కొన్నాళ్లు అలా ఉండనిస్తాడు. "చెక్కలు ఒకదాన్నొకటి ఓర్చుకోవడం నేర్చుకోవాలి కదమ్మా" అంటాడు. ఓర్చుకున్నాక విప్పి, మోకులు కట్టి పైకి లాగి, అక్కడ మళ్లీ బిగిస్తాడు. అలాగే ఆ ఇంటి ముందు జాగాలో కొన్నాళ్లు రంపమూ ఉలీ చెవిలో జోరీగల్లా మోగాయి. టైలరమ్మ నడవలో కుట్టుకుంటూ ఆ చప్పుడు వింటుంటే, జీవితంలో మొదటిసారి ఎవరో తన కోసం కుడుతున్నట్టుండేది. సంతోషం పట్టలేక ఒక కస్టమరు జాకెట్టుకి రెండు చేతులూ ఒకేవైపు కుట్టి, మళ్లీ విప్పుకుంది.

చట్రం నిలబడ్డ పొద్దున ఆమె వీధి తలుపు తీసి, ఒక్క క్షణం పక్కింటివాళ్లు ఇల్లు కట్టుకుంటున్నారేమో అనుకుంది. స్తంభాలు ఇంటి గోడకి ఒక మూల, ప్రహరీగోడకి ఒక మూల ఉన్నాయి. పైన దూలాలు, వాటిమీద వాసాలు. గోడలు లేవు, కప్పు లేదు, కానీ ఏనుగుని తెచ్చి కట్టేసినా తిరిగి పడుకునేంత చోటుంది. ఇది కుట్టుకునే గదా, కల్యాణమండపమా? మేస్త్రీని అడిగేలోపు ఇంట్లోవాళ్లు వచ్చేశారు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు. గోడైనా లేని ఆ గదిలోకి మధ్యాహ్నానికల్లా కాపురాలు దిగాయి. ముందు కండక్టరు కుర్చీ తెచ్చుకున్నాడు. తనతోపాటు రిటైరైన డ్రైవరు స్నేహితుణ్ణి పిలిచి, ముందువైపు కూర్చోబెట్టి, తను వెనక కూర్చుని మాట్లాడాడు. అలా కూర్చుంటే గానీ ఇద్దరికీ మాట సాగదు. మరిది వాసాలకి మేకులు కొట్టి రేడియోలు వేలాడదీశాడు. "వదినా, ఇక్కడ స్టేషన్లు ఎంత బాగా పలుకుతున్నాయో!" అన్నాడు, ఒక్కటీ పలకకపోయినా. అత్తగారు తన మంచం మోయించుకుని వచ్చి, నాలుగు మూలలూ తిరిగి చూసి, అన్నిటికన్నా గాలి వచ్చే మూలలో వేయించుకుంది.

అక్కడితో ఆగారా? ఎవరికి వాళ్లు మేస్త్రీని పక్కకి పిలిచారు. కండక్టరు గోడ పొడుగునా బెంచీ కావాలన్నాడు. మరిది అరలు కావాలన్నాడు. అత్తగారు మెట్లకి చేతులానుకునే కమ్మీ కావాలంది. "చూద్దాం" అన్నాడు మేస్త్రీ ముగ్గురితోనూ. ముగ్గురూ దాన్ని సరే అనే అనుకుని, నవ్వుకుంటూ వెళ్లారు. టైలరమ్మ ముందుగది కిటికీలోంచి ఇదంతా చూస్తూ, తన మిషనుకి ఆ గదిలో ఏ మూల మిగిలిందో వెతుక్కుంది. తలుపు పక్కన, జనం వచ్చే పోయే దారిలో కాస్త మిగిలినట్టుంది. కానీ ఏమంటుంది? నోట్లో నాలుక లేని మనిషి. ఉన్న కాస్త నాలుకా నోట్లో దారపుముక్క పెట్టుకోడానికే సరిపోయేది.

మర్నాడు మేస్త్రీ ఇంట్లోకి వచ్చి తలెత్తి కప్పుని చూస్తూ అటూ ఇటూ నడిచాడు. నడవలో ఆగాడు. "అమ్మా, కాస్త లేస్తారా?" అన్నాడు. ఆమె లేచింది. లేవడం ఆమెకి కొత్తా? ఆయన స్టూలు పక్కకి జరిపి, అది ఉన్న చోట నేలమీద సుద్దతో ఇంటూ గుర్తు వేశాడు.

"ఇదేంటండీ?"

"గది పెద్దదైంది కదమ్మా. అంత బరువుని పైన పెడితే ఈ పాత దూలం ఒక్కటీ మొయ్యలేదు. కింద ఒక స్తంభం ఆనించాలి. బరువు మధ్యకి ఇక్కడికొస్తుంది."

"ఇక్కడికేనా?"

"చూశానమ్మా. ఇక్కడికే."

అప్పటికి అందరూ నడవలోకి వచ్చేశారు. నడవ కాబట్టి ఒకరి వెనక ఒకరు వరసగా నిలబడ్డారు. "ఓ స్తంభమే కదా, వెయ్యండి, ఏం పోయింది?" అన్నాడు కండక్టరు ముందునుంచి. "దానికో అర కొట్టుకుంటే నాకు రెండు రేడియోలు పడతాయి" అన్నాడు మరిది ఆయన భుజం మీదుగా. "అమ్మాయి మిషను వంటింట్లోకి జరుపుకుంటుందిలే, పొయ్యి పక్కన ఖాళీయేగా" అంది అత్తగారు వెనకనుంచి, మనిషి కనపడకుండా.

టైలరమ్మ నేలమీది సుద్ద గుర్తుని చూసింది. పైన గదిలో అందరూ ఉంటారు. కింద ఆ గది మోసే స్తంభం ఉంటుంది. తనకోసమని మొదలుపెట్టిన గది చివరికి తను కూర్చున్న స్టూలు చోటు కూడా మింగేసింది. ఏడుపు రావాల్సిన చోట ఆమెకి కోపం వచ్చింది. అలవాటు లేని కోపం కాబట్టి ఎటు పోవాలో తెలీక, ముందు మేస్త్రీ మీద పడింది.

"ఇంత గది ఎవరడిగారు మిమ్మల్ని? నేను చెప్పిన కొలతేంటి, మీరు కట్టిందేంటి?"

"సారు చెప్పిన కొలతేనమ్మా. చిత్రికకి పోతుందని పైన కాస్త వేసుకున్నాను, అంతే."

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చెప్పిందే చెప్పానే. ఎవరైనా నిలబడి ప్రయాణం... అదే, నిలబడాల్సి వస్తుందేమోనని ఓ రెండడుగులు కలిపా."

"ఎవరు కలపమన్నారండీ మిమ్మల్ని? నేను కలిపే చెప్పానుగా, మడతకి నాలుగేసి వేళ్లు!"

అని, అన్నాక తనే ఆగిపోయింది.

మేస్త్రీ నెమ్మదిగా అడిగాడు. "మడతేంటమ్మా? చెక్కని మడుస్తామా?"

ఎవరూ నవ్వలేదు. మరిది నవ్వబోయి రేడియో తిప్పుకున్నాడు. టైలరమ్మకి మాత్రం తెలిసిపోయింది. తప్పు ముగ్గురిదీ అయితే మొదలు తనదే. గదికి మడత ఎందుకు? గది ఒళ్లు చేస్తుందా? ఎవరు పెరుగుతారని వదిలింది? ఎవరడిగారని వదిలింది? ఎవరూ అడగలేదు. అడక్కుండానే వదిలేసి, వచ్చి కూర్చున్నవాళ్లని తిట్టుకుంటూ ఇన్నేళ్లు కుట్టింది.

"కోసెయ్యండి" అంది.

"ఏంటమ్మా?"

"గదిని కోసి చిన్నది చెయ్యండి. వదులు జాకెట్టుని పట్టించినట్టు పట్టించేయండి."

మేస్త్రీ ముఖం పాలిపోయింది. బిగించిన దూలాన్ని కొయ్యమంటే ఆయనకి ప్రాణం మీదికొస్తుంది. "కోసిన చెక్క మళ్లీ అతకదమ్మా. రేపు పెద్దది కావాలంటే రాదు. ఆలోచించుకోండి."

"అతకదనే కొయ్యమంటున్నాను."

"మరి మేమెక్కడ కూర్చోవాలే?" అన్నాడు కండక్టరు. ఆ గొంతులో ఆఖరి బస్సు తప్పిపోయిన మనిషి దిగులుంది.

"ఇన్నాళ్లూ ఎక్కడ కూర్చున్నారో అక్కడే. ఆ గది నాది. నేను కుట్టుకోడానికి." ఇంతమాట అనేసి ఆమె అలవాటుగా కూర్చోబోయింది. కానీ నిలబడే ఉంది, ఎందుకంటే స్టూలు పక్కకి జరిపేశారు కదా, కూర్చోడానికి లేదు.

కొలతలు మళ్లీ తీయాలి. ఈసారి ఎవరికీ చెప్పి పంపలేదు. చట్రం కింద నేల మీద మిషను పెట్టించి, స్టూలు వేసుకుని, కుట్టడానికి కూర్చున్నట్టు కూర్చుంది. ఊరందరినీ కొలిచిన ఆమెని ఇప్పటిదాకా ఎవరూ కొలవలేదు. తన జాకెట్లు కూడా పాతదాని మీద గుడ్డ పరిచి కత్తిరించుకునేది. టేపు రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. మేస్త్రీ మొహమాటపడి వాసాల్ని చూస్తున్నాడు. కండక్టరు అలిగి ఇంట్లోకి వెళ్లాడు, మరిది రేడియోలు దించుకుంటున్నాడు. చివరికి మంచం కదలకుండా కాపలా కాస్తున్న అత్తగారే మిగిలింది.

"ఇలా ఇవ్వు" అని ఆవిడే విసుగ్గా వచ్చి కొస పట్టుకుంది. "ఊఁ, చెయ్యి చాపు. ఇంకా చాపు. కుట్టేటప్పుడు గుడ్డ లాగవా? అలా ముడుచుకుంటే ఎలా తెలుస్తుంది?"

టైలరమ్మ మోచేతులు చాపింది. రెండూ ఎవరికీ తగలలేదు. టేపు మీద వేలు ఆగిన చోటు నుంచి దానంతటదే నాలుగు వేళ్లు ముందుకి జారింది. ఆమె ఆ వేలిని చూసి, వెనక్కి లాక్కుంది.

"ఇంతేనా? ఇంత ఇరుకేం గది?" అంది అత్తగారు.

"నేను పడతానుగా అత్తయ్యా."

"వదలడం ఏమైనా ఉందా అమ్మా?" అన్నాడు మేస్త్రీ పెన్సిలు చెవి మీంచి తీస్తూ.

"లేదు."

"రంపం పళ్లకి పోయేదైనా?"

"సరే, దానికి వదలండి."

ఆ రోజంతా మేస్త్రీ రంపం దుఃఖంగా మోగింది. చిన్నదైన గది బరువు పక్కగోడే మోస్తుందని తేలి, నడవలో సుద్ద గుర్తుని తడిగుడ్డతో తుడిచేశారు. విప్పిన చెక్కలు మోకుల మీద ఊగుతూ మేడెక్కాయి. పైన బిగించారు, పలకలు కొట్టారు, రేకు వేశారు, కిటికీ పెట్టారు. గది ఎంతుందంటే, టైలరమ్మ కూర్చుంటే గది నిండింది. లోపల ఖాళీ లేదని చూడగానే తెలిసిపోతోంది. ఆమె భర్త కూడా గుమ్మంలో నిలబడి, నాలుగు వైపులా పరిశీలనగా చూసి, ఒక్క మాటా అనకుండా దిగిపోయాడు.

మొదటిరోజు ఆమె లోపల గడియ పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. కాసేపటికోసారి కాలు దానంతటదే ఆగిపోయేది. ఎవరో వస్తున్నారని దారి ఇచ్చేది. ఎవరూ వచ్చేవాళ్లు కాదు. మధ్యాహ్నానికి కాలికి నమ్మకం కుదిరింది. మెడ దగ్గర మొదలుపెట్టిన కుట్టు అంచుదాకా ఒక్క బిగిన సాగింది. కిటికీ వెలుగులో ఆ కుట్టుని చూసుకుంటే ఎంత తిన్నగా వచ్చిందో! తనకింత బాగా వచ్చని ఆమెకే తెలీదు. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, రెండూ ఎవరూ చూడలేదు. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకాస్త నవ్వింది.

తలుపు మీద ఎవరో తట్టారు. తీస్తే అత్తగారు. మెట్లెక్కిన ఆయాసం తీరేదాకా గోడ పట్టుకుని నిలబడింది. టైలరమ్మ లేవబోతే, "నువ్వు లేవకు. లేచినా నాకు చోటు లేదుగా" అంది. గదిని చూసింది, కిటికీని చూసింది, తలుపుని ముందుకీ వెనక్కీ ఆడించి గడియని వేలితో కదిపింది.

"పొద్దుటినుంచీ వేసుకునే ఉన్నావా?"

"అవునత్తయ్యా."

"ఎవరూ ఏమీ అనలేదా?"

"మీ అబ్బాయి రెండుసార్లు పిలిచారు. పనయ్యాక వస్తానన్నాను."

"అంటే, ఊరుకున్నాడా?"

"ఊరుకున్నారు."

అత్తగారు గడియని ఇంకోసారి వేసి తీసింది. "అయితే అడిగితే సరిపోతుందన్నమాట" అని, తనలో తను అనుకున్నట్టు అని, మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగి వెళ్లింది. కమ్మీ లేదు కాబట్టి గోడని తడుముకుంటూ దిగింది. పడుతుందేమోనని టైలరమ్మ లేచి పిట్టగోడ దాకా వచ్చింది.

కింద మేస్త్రీ రంపాలూ ఉలులూ సంచిలో సర్దుకుంటున్నాడు. గదిలోంచి కోసిన చెక్కముక్కలు గోడవారన పేర్చి ఉన్నాయి. అత్తగారు వెళ్లి వాటి ముందు నిలబడింది.

"ఇవి పట్టుకుపోతున్నావా?"

"పెద్దమ్మగారు వద్దంటే ఉంచేస్తాను."

"ఉంచు. ముందుగదిలో నా మంచం చూశావుగా. ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఎక్కడ వేశారో మళ్లీ అక్కడికే చేరింది. వీధి తలుపు తీస్తే వచ్చినవాడికి ముందు నా కాళ్లు కనపడతాయి. నిద్రపోతుంటే లేపి కూర్చోబెడతారు, వచ్చినవాళ్లు కూర్చోవాలని. నా మావగారి ముందు లేచాను, మొగుడి స్నేహితుల ముందు లేచాను, ఇప్పుడు కొడుకు స్నేహితుల ముందు లేస్తున్నాను." గొంతు కాస్త తగ్గించింది. "దాని చుట్టూ పలకలు కొట్టి తలుపు పెట్టు. గడియ లోపలివైపు."

మేస్త్రీ సంచి కింద పెట్టాడు. "అలాగేనండి. లోపల ఏం పెట్టుకుంటారు పెద్దమ్మగారూ? అరలేమైనా కావాలా?"

"ఏమీ వద్దు. నన్ను పెట్టుకుంటాను" అంది అత్తగారు.

పైన పిట్టగోడ దగ్గర టైలరమ్మ ఇదంతా వింది. ఈ ఇంట్లో చోటు లేనిది తనొక్కతికేనని ఆమె ఇన్నేళ్లూ అనుకుంది. పగలల్లా వంటింటికీ ముందుగదికీ తిరిగే ముసలావిడని చూసి, అజమాయిషీ చేస్తోందనే తిట్టుకుంది. కూర్చోడానికి చోటు లేక తిరుగుతోందని ఒక్కసారీ తోచలేదు. ఆమెకి సిగ్గేసింది. కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి, టేపు తీసుకుని గబగబా మెట్లు దిగింది.

"అత్తయ్యా, వెళ్లి మంచం మీద పడుకోండి. కాళ్లు బాగా చాపండి" అంది. "ముడుచుకుంటే కొలత తెలీదు."